పిట్టగోడ లేని డాబా

పఠన భాగములు: ద్వితీయోపదేశకాండము 22:8, నిర్గమకాండము 21:28-36, లూకా సువార్త 10:25-37, 13:1-5



మన మెట్ట పొలములలో కార్తికము మొదలుకొని పత్తి తీతలు, సంక్రాంతి దాటిన తరువాత మిరపకాయ కోతలు సాగును. ఆ మాసములలో మన రోడ్లకు విశ్రాంతి లేదు. తెల్లవారకముందే కూలీలను ఎక్కించుకొని ఆటోలు, ట్రాక్టర్లు చేలకు పోవును. పొద్దు గూకిన పిమ్మట అవియే తిరిగి వచ్చును. పత్తి బోరెముల బండ్లు జిన్నింగు మిల్లులకును, మిరపకాయల టిక్కీల లారీలు గుంటూరు యార్డుకును బయలుదేరును. ఒంగోలు, చిలకలూరిపేట, గుంటూరుల మీదుగా పోవు 16వ నంబరు జాతీయ రహదారి మీద మద్రాసు, కలకత్తాల మధ్య తిరుగు లారీలు రేయింబవళ్లు పరుగెత్తుచుండును. ఇట్టి చోట కాపురముండు మనకు రోడ్డును గూర్చి ఒక పాఠము అవసరమని తలంచి, ఈ నెల దీనిని వ్రాయుచున్నాము.

బైబిలునకును రోడ్డునకును సంబంధమేమని కొందరడుగవచ్చును. మోటారు బండ్లు లేని కాలమున వ్రాయబడిన ధర్మశాస్త్రములో ప్రమాదములను గూర్చిన ఆజ్ఞలు అనేకము గలవు. డాబా మీదనుండి మనుష్యుడు పడుట, ఎద్దు పొడుచుట, మూయని గోతిలో పశువు పడుట, గొడ్డలి పిడినుండి ఊడి పొరుగువానికి తగులుట, ఇవన్నియు అందు కలవు. అన్నిటిలోను అడుగబడిన ప్రశ్న ఒక్కటే: ముందుగా జాగ్రత్త పడవలసినవాడు ఎవడు? ఆ ప్రశ్ననే మనము ఈ పాఠములో మన రోడ్ల మీదికి తీసికొని పోవుదము.

1. మన ప్రాంతమున జరిగినవి

2020వ సంవత్సరము మే 14వ తేదీన ప్రకాశము జిల్లా నాగులుప్పలపాడు మండలములో మిరప చేలలో పని ముగించుకొని కూలీలు ట్రాక్టరు మీద ఇంటికి వచ్చుచుండిరి. ట్రాక్టరు కరెంటు స్తంభమునకు తగిలెను. తీగ తెగి బండిమీద పడెను. కనీసము తొమ్మిదిమంది మరణించిరి. వారిలో ఎక్కువమంది స్త్రీలు.

2023 మే 17న పల్నాడు జిల్లా పొందుగుల యొద్ద, నల్లగొండ జిల్లానుండి కూలిపనికి వచ్చుచున్న ఇరువదిమందికి పైగా జనముతో నిండిన ఆటోకును లారీకిని ఢీ జరిగెను. కనీసము ఐదుగురు స్త్రీలు చనిపోయిరి.

2025 ఫిబ్రవరి 9న, అది ఆదివారము, పల్నాడు జిల్లా ముప్పాళ్ల మండలము బొల్లవరము యొద్ద మిరపకోత కూలీలతో వచ్చుచున్న ట్రాక్టరు బోల్తాపడెను. నలుగురు స్త్రీలు మరణించిరి.

ఈ మూడింటిలో వాహనములు వేరు, సంవత్సరములు వేరు. అయినను పోయినవారెవరో చూడుడి. ఆ పూట కూలి కొరకు బయలుదేరిన ఆడవారు. బండిని వారు ఎన్నుకొనలేదు. తోలువానిని వారు కుదుర్చుకొనలేదు. మేస్త్రి ఏ బండి తెచ్చిన ఆ బండి ఎక్కిరి. ఎక్కనియెడల ఆ దినపు కూలి లేదు. ఈ సంగతిని పాఠము కడవరకు మనస్సునందుంచుకొనవలెనని కోరుచున్నాము.

దేశమంతటను చూచిన, 2022వ సంవత్సరములో 4,61,312 రోడ్డు ప్రమాదములు జరిగి 1,68,491 మంది మరణించినట్లు కేంద్ర ప్రభుత్వము ప్రకటించెను. దినమునకు సుమారు 460 మంది. ఒక చిన్న పల్లెలోని జనమంతయు ఒక్క దినమున తుడిచిపెట్టుకొని పోయినట్లే గదా.

2. ఇది తలవ్రాతయా?

ప్రమాదములో మనుష్యుడు పోయినప్పుడు మన పల్లెలలో రెండు మాటలు వినబడును. ఒకటి, వాని గీత అంతే అనునది. రెండవది మన సంఘములలో తరచుగా వినబడును: దేవుడు పిలుచుకొనెను. దుఃఖములో నున్న తల్లికి ఆ మాట కొంత ఓదార్పు కావచ్చును. దానిని మేము కాదనము. అయితే బ్రేకులు లేని బండిని రోడ్డు మీదికి పంపినవాడు కూడ అదే మాట చెప్పి ఇంటికి పోయిన యెడల, ఆ మాట వానికి చాటు అగుచున్నది.

లూకా 13వ అధ్యాయములో సిలోయములోని గోపురము కూలి పదునెనిమిదిమంది చచ్చిన సంగతి ప్రభువు ఎత్తెను. వారు యెరూషలేములోని తక్కినవారికంటె ఎక్కువ పాపులని తలంపవద్దని ఆయన చెప్పెను. కాబట్టి ఆదివారము గుడికి రాక పనికి పోయినందున వారికట్లయ్యెనని ఎవరైన పలికినయెడల, ఆ పలుకు ప్రభువు మాటకు విరుద్ధమైనది. ఆదివారము కూడ పనికి పోవలసిన బీదరికమును గూర్చి మనము వేరుగా ఆలోచింపవలసినది చాల గలదు. చచ్చినవారి మీద నేరము మోపుట మన పని కాదు.

మరియొక తప్పు తలంపు కూడ గలదు. ప్రార్థన చేసికొని బయలుదేరితిమి గనుక ఏమియు కాదని కొందరందురు. బండి మీద వాక్యము వ్రాయించి, తలకు హెల్మెటు పెట్టుకొనరు. మత్తయి 4వ అధ్యాయములో దేవాలయ శిఖరము మీదనుండి దుముకుము, దూతలు నిన్ను ఎత్తి పట్టుకొందురని శోధకుడు చెప్పెను. అతడు ఎత్తి చూపినది కీర్తనలోని వాగ్దానమే. అయినను ప్రభువు దుమకలేదు. దేవుని శోధింపరాదని ఉత్తరమిచ్చెను. ప్రయాణమునకు ముందు తప్పక ప్రార్థింపుడి. ప్రార్థించి లేచిన పిమ్మట బ్రేకులు చూచుకొనుడి.

3. పిట్టగోడ

యూదుల యిండ్లకు మన డాబాలవలె చదునైన పైకప్పులుండెను. సాయంకాలమున అక్కడ కూర్చుందురు, పండుకొందురు, పంట ఆరబోసికొందురు. క్రొత్త యిల్లు కట్టువాడు పైకప్పు చుట్టు పిట్టగోడ కట్టవలెననియు, కట్టక ఎవడైన పడి చచ్చినయెడల ఆ రక్తాపరాధము ఆ యింటిమీదికి వచ్చుననియు ద్వితీయోపదేశకాండము 22:8 చెప్పుచున్నది.

ఇందులో గమనింపవలసినవి మూడు. పిట్టగోడ పడకముందు కట్టవలసినది, పడిన తరువాత కాదు. కట్టవలసినవాడు యజమానుడు, ఎక్కి పడినవాడు కాదు. అది తన కొరకు మాత్రమే కాదు, తన యింటికి వచ్చిన ఎవనికొరకైనను.

మన బండ్లకు పిట్టగోడలెవ్వి? మోటారు సైకిలుకు మొదటి పిట్టగోడ హెల్మెటు. 2022లో హెల్మెటు లేక మరణించినవారు 50,029 మంది అని లెక్క. వారిలో పదునాలుగు వేలమందికి పైగా వెనుక కూర్చున్నవారు. మోటారు వాహనముల చట్టము 129వ సెక్షను ప్రకారము నడుపువాడును వెనుక కూర్చున్నవాడును, నాలుగేండ్లు దాటిన పిల్లలును హెల్మెటు పెట్టుకొనవలెను. ఐ.ఎస్.ఐ. ముద్ర గలదానిని కొనుడి. గడ్డము క్రింద పట్టీ బిగింపుడి. పట్టీ బిగింపని హెల్మెటు మనుష్యుడు నేలను తాకకముందే ఎగిరిపోవును. పెట్రోలు టాంకు మీద పెట్టుకొని పోయిన హెల్మెటు టాంకునే కాపాడును.

పత్తి బండికి పిట్టగోడ వెనుక దీపము. పత్తి బోరెములు ట్రక్కు గోడలు దాటి ఇరుప్రక్కల ఉబికి యుండును. వెనుకనున్న ఎఱ్ఱ దీపములు ఆ బరువు చాటున కనబడవు. మార్గశిర, పుష్య మాసములలో పొగమంచు పట్టినప్పుడు వెనుకనుండి వచ్చు కుఱ్ఱవానికి ముందు బండి యున్నదని తెలియుటకు పది గజములు కూడ దొరకదు. బరువు ఎంత వెడల్పుగా ఉబికియున్నదో అంత వెడల్పున, రెండు అంచులకును వెలుతురు పడగానే మెరయు ఎఱ్ఱ పట్టీలు వ్రేలాడదీయుడి. వీలైనంతవరకు బరువును పగటివేళనే తోలుడి. ఆ పట్టీల ఖరీదు ఒక పురుగుమందు డబ్బా ఖరీదులో కొంత భాగము మాత్రమే.

4. పొడుచు ఎద్దు

నిర్గమకాండము 21వ అధ్యాయములోని న్యాయము చాల సూక్ష్మమైనది. ఎద్దు ఒకనిని పొడిచి చంపినయెడల ఎద్దును చంపుదురు, యజమానుడు నిర్దోషి. అయితే ఆ ఎద్దు అంతకుముందే పొడుచునదని యజమానునికి తెలియజేయబడి, వాడు దానిని కట్టివేయక విడిచినయెడల, యజమానుడును మరణపాత్రుడు. తెలియక జరిగినదానికిని తెలిసి ఊరకున్నదానికిని ఇంత భేదము గలదు.

మన చేతిలోని పొడుచు ఎద్దులను లెక్కపెట్టుకొందము.

బ్రేకులు సరిగా లేని ట్రాక్టరు ఒకటి. వెనుకనుండు ట్రక్కులకు అనేకముగా సొంత బ్రేకులే యుండవు. ముందున్న ట్రాక్టరు ఆగినను వెనుకనున్న బరువు దానిని నెట్టుచుండును. సాగరు కాలువ కట్టలమీద, దిగుడులలో, మలుపులలో ఈ నెట్టుడే బండిని త్రిప్పి పడవేయును. ట్రక్కులో బస్తాలకు బదులుగా మనుష్యులు నిలువబడియున్నప్పుడు మలుపులో అందరును ఒక్క ప్రక్కకు ఒరుగుదురు. ఆ ఒరుగు బరువే బోల్తాకు చాలును. పట్టుకొనుటకు కడ్డీ లేదు, కూర్చొనుటకు బల్ల లేదు. ట్రక్కు సరకు కొరకు చేయబడినది. దానిలో మనుష్యులను తోలుట చట్టవిరుద్ధము. ప్రమాదము జరిగినప్పుడు భీమా సంస్థ సొమ్ము చెల్లింప నిరాకరింపవచ్చును. అప్పుడు చచ్చినవారి కుటుంబమునకు పరిహారము రాదు, బండి యజమానుని పొలము మిగులదు. ఇక చక్రముల పైనున్న మడ్‌గార్డుల మీద కూర్చొనువారు కుదుపునకు జారిన యెడల పడునది పెద్ద చక్రము క్రిందనే.

త్రాగి తోలువాడు రెండవ ఎద్దు. వాడు సాయంకాలమున త్రాగునని ఊరంతకు తెలియును. మేస్త్రికి తెలియును. రైతుకు తెలియును. తెలిసియు తాళపు చెవి వాని చేతికిచ్చినవాడు, ఎద్దు సంగతి ముందే తెలిసిన యజమానునివంటివాడే.

మూడవది మన యిండ్లలోనే గలదు. పదునాలుగు, పదునైదు ఏండ్ల కుమారునికి మోటారు సైకిలు ఇచ్చి పొలమునకు సద్ది పంపుట మనకు ముచ్చటగా నుండును. 2019లో సవరింపబడిన చట్టములో 199-ఎ సెక్షను ప్రకారము, మైనరు బండి నడిపి నేరము చేసినయెడల తండ్రికి గాని బండి యజమానునికి గాని మూడేండ్ల వరకు ఖైదును, 25,000 రూపాయల జుల్మానాయు విధింపవచ్చును. ఆ పిల్లవానికి ఇరువదియైదేండ్లు వచ్చువరకు లైసెన్సు దొరకదు. చట్టము ఇక్కడ మోషే ధర్మశాస్త్రమువలెనే యజమానుని వెదకుచున్నది.

కూలీలేమి చేయగలరని అడుగుదురేమో. ఒంటరిగా ఒక్క ఆడమనిషి బండి ఎక్కనని చెప్పిన, మేస్త్రి ఆమెను విడిచి ముందుకు పోవును. ఇరువదిమంది కలిసి చెప్పినయెడల పోలేడు. కూలి మాట్లాడుకొను దినముననే బండి మాట కూడ మాట్లాడుకొనవలెను: ఏ బండి, ఎందరు, ఎవరు తోలుదురు, ఎన్ని గంటలకు చేనినుండి లేతుము. రెండవ బండి కిరాయి రైతు పెట్టుబడిలో చేరవలసినది. మిరపకు ఎరువులు, మందులు, కోత కూలి లెక్కవేయు రైతు ఈ కిరాయిని కూడ లెక్కవేయవచ్చును. మన సంఘములలో కూలీలును గలరు, మేస్త్రీలును గలరు, ట్రాక్టరు గల రైతులును గలరు. ఒకే బల్లయొద్ద ప్రభువు భోజనము తీసికొనువారు ఈ మాట ఒకచోట కూర్చుండి మాట్లాడుకొనలేరా?

5. మూయని గొయ్యి

గొయ్యి త్రవ్వి మూయనివాడు, దానిలో పడిన పశువునకు వెల యియ్యవలెనని అదే అధ్యాయము చెప్పుచున్నది. మన రోడ్లమీద మూయని గోతులు చాల గలవు. మొక్కజొన్నలు, కందులు రోడ్డు మీద ఆరబోసి చుట్టు రాళ్లు పేర్చి, గింజలు ఎత్తుకొనిన తరువాత రాళ్లను విడిచిపెట్టుదుము. టైరు పంచరైన బండికి అడ్డుగా పెట్టిన బండరాయిని అక్కడనే వదలి పోవుదుము. వర్షము కురిసిన మరునాడు నల్లరేగడి చేలోనుండి వచ్చిన ట్రాక్టరు, చక్రములకు అంటిన బురదనంతయు తారురోడ్డు మీద రాల్చును. ఆ బురద మీద మోటారు సైకిలు సబ్బుమీద జారినట్లు జారును. చీకటిలో దీపము లేక రోడ్డు ప్రక్కన నిలిపిన ట్రక్కు, గోతికంటె ప్రమాదకరమైనది.

వీటికి పెద్ద ఖర్చు లేదు. రాయి తీసి ప్రక్కకు పడవేయుట, రోడ్డెక్కకముందు పారతో చక్రములు గోకుట, నిలిపిన బండి వెనుక దూరముగా గుర్తు పెట్టుట, ఇవి చేతులతో చేయు పనులు.

6. యెహూ తోలుట

రాజులు రెండవ గ్రంథము 9:20లో కావలివాడు గోపురము మీదనుండి చూచి, వచ్చువాని ముఖము కనబడకముందే అతడు యెహూ అని ఊహించెను. రథము తోలు వెఱ్ఱి వేగమును బట్టి గుర్తుపట్టెను. మన కుఱ్ఱవారిని కూడ ఊరు ఆలాగుననే గుర్తుపట్టుచున్నది.

వేగము లెక్క తెలిసికొనుట మంచిది. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక్క సెకనులో సుమారు 17 మీటర్లు పోవును. గేదె అడ్డము వచ్చెనని కన్ను చూచి, చేయి బ్రేకును పట్టుటకే ఒక సెకను పట్టును. ఆ 17 మీటర్లు పోయిన తరువాతనే బ్రేకు పని మొదలగును. వేగము రెట్టింపైన, బ్రేకు పట్టిన తరువాత ఆగుటకు కావలసిన దూరము నాలుగింతలగును. ఫోను వంక రెండు సెకనులు చూచినవాడు 34 మీటర్లు కన్నులు మూసికొని పోయినట్లే. మన జాతీయ రహదారి నాలుగు, ఆరు వరుసలుగా వెడల్పయినది గాని, దానిని దాటు మన గేదెలు, బడిపిల్లలు, వృద్ధులు మునుపటి నడకనే నడుచుచున్నారు.

డిసెంబరు 31వ తేదీ రాత్రి ఆరాధన ముగిసి, మనవారు అర్ధరాత్రి దాటి ఇండ్లకు పోవుదురు. ఒక్క బండి మీద ముగ్గురు యౌవనులు కేకలు వేయుచు పోవుట మనము చూచుచున్నాము. ఆ రాత్రి త్రాగి తోలువారు కూడ రోడ్డు మీద ఎక్కువగా నుందురు. దూరపు పల్లెలవారు తెల్లవారువరకు గుడిలోనే పండుకొనుటకు సంఘపెద్దలు చాపలు, దుప్పట్లు సిద్ధపరచుట మంచిది.

7. యెరికో దారి

యెరూషలేమునుండి యెరికోకు దిగు దారిలో పడియున్నవానిని ఇద్దరు చూచి ప్రక్కగా పోయిరి. సమరయుడు ఆగి, గాయములు కట్టి, తన పశువుమీద ఎక్కించి, పూటకూళ్ల యింటికి చేర్చి, సొమ్ము కూడ చెల్లించెను. మన రోడ్లమీద చూచి పోవువారు కఠినులు కారు. పోలీసులు ప్రశ్నింతురు, కోర్టుల చుట్టు తిరుగవలెను అను భయమే వారిని తోలుచుండెను.

ఆ భయమునకు ఇప్పుడు చట్టములో చోటు లేదు. 2016 మార్చి 30న సుప్రీము కోర్టు సహాయము చేయువారికి రక్షణ కల్పించుచు మార్గదర్శకములను స్థిరపరచెను. 2019 సవరణతో 134-ఎ సెక్షను చేర్చబడెను. ఆ సెక్షనుకు పెట్టిన పేరు మంచి సమరయుని పేరే. క్షతగాత్రుని ఆసుపత్రికి చేర్చినవాడు తన పేరు, చిరునామా చెప్పవలెనని ఎవరును బలవంతపెట్టరాదు. మంచి మనస్సుతో చేసిన సహాయమునకు వానిమీద కేసు పెట్టరాదు. 2025 మేలో వచ్చిన కేంద్ర పథకము ప్రకారము రోడ్డు ప్రమాదమున గాయపడినవానికి నియమింపబడిన ఆసుపత్రులలో ఏడు దినములవరకు, లక్షన్నర రూపాయలవరకు సొమ్ము కట్టకుండనే చికిత్స చేయవలెను.

చేయవలసినది ఇది. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రమున మొదలైన 108కి ఫోను చేయుడి. ఊరి పేరుతో పాటు కిలోమీటరు రాయి సంఖ్య చెప్పుడి. రక్తము కారుచోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టుడి. తెలివిలేనివాని నోట నీళ్లు పోయవద్దు, ఊపిరి మార్గమునకు అడ్డుపడును. మెడను త్రిప్పవద్దు. కరెంటు తీగ పడిన బండిని గాని, దానిలోని మనుష్యులను గాని, కరెంటు ఆపించువరకు తాకవద్దు.

ఇంకొక మాట. ప్రమాదము చేసిన డ్రైవరును కొట్టుట మన ప్రాంతములలో వాడుకగా నున్నది. ఆ భయముచేతనే డ్రైవర్లు పారిపోవుదురు, గాయపడినవాడు రోడ్డు మీదనే మిగులును. పిడినుండి గొడ్డలి ఊడి పొరుగువాడు చచ్చినప్పుడు, చంపినవాడు ప్రతిహత్య చేయువాని చేతికి చిక్కకుండునట్లు దేవుడు ఆశ్రయపురములను ఏర్పరచెను. వానికి విచారణ తప్పలేదు, ఇల్లు విడిచి పోవుట తప్పలేదు. మూక చేతి దెబ్బలు మాత్రము తప్పెను. డ్రైవరును పోలీసులకు అప్పగింపుడి, మీరు గాయపడినవానిని చూడుడి.

8. మన సంఘములో ఆరంభింపదగినవి

మహాసభలకు, పెండ్లిండ్లకు, సమాధి కార్యక్రమములకు సంఘము పక్షముగా ట్రాక్టరు ట్రక్కులలో జనమును తోలుట మానవలెను. సంఘమే మానక రైతును మానుమనుట యెట్లు?

కోతల కాలమునకు ముందు ఒక ఆదివారము సాయంకాలమున రైతులు, మేస్త్రీలు, డ్రైవర్లు, కూలీలు కలిసి బండ్ల సంగతి మాట్లాడుకొనవలెను. స్త్రీల సమాజము వారు దీనికి పూనుకొనిన బాగుండును.

యౌవనులు ఒక శనివారము ఊరిలోని ట్రక్కులన్నిటికి ఎఱ్ఱ పట్టీలు అంటింపవచ్చును. ఊరి మలుపులలో అడ్డముగా పెరిగిన సర్కారు తుమ్మ కొట్టివేయవచ్చును.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. పిట్టగోడ కట్టవలసిన భారము ధర్మశాస్త్రము ఎవనిమీద మోపెను? మన ఊరి కూలి బండ్ల విషయములో ఆ మనుష్యుడు ఎవడు?
2. మన యింటిలో "పొడుచు ఎద్దు" అని మనకు ముందే తెలిసిన బండి గాని, తోలువాడు గాని గలరా? ఈ వారమే ఏమి చేయుదుము?
3. దేవుని కాపుదలయందు నమ్మికయుంచుటకును, దేవుని శోధించుటకును భేదమేమి?
4. మన ఊరి రోడ్డు మీద ఎవరైన పడియున్నప్పుడు ఎవరు ఫోను చేయుదురు, ఎవరు బండి ఆపుదురు? పేర్లు వ్రాసికొనుడి.

ఈ పాఠమును గృహ కూటములలో చదువునప్పుడు, చదువురాని కూలి స్త్రీలకు వినబడునట్లు పైకి చదువవలెనని కోరుచున్నాము. నాలుగవ అంశమును మేస్త్రి కూడ వినునట్లు, అతడు ఇంటనున్న వేళ చూచి చదివిన మరి మంచిది.